కొండపిల్లల ఓనమాలు: గిడుగు రామమూర్తి పంతులుగారు

గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పేరు చెప్పగానే ఎవరికైనా గ్రాంథిక వ్యావహారిక వివాదం జ్ఞప్తికి వస్తుంది. సభలలో వారు చేసిన వాదాలు, ప్రతిపక్షులైన జయంతి రామయ్య పంతులుగారి పట్టుదల, పండితుల ఖండనమండనలు సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధములు. అయితే తెలుగు భాష విషయమై ఆ యుద్ధం ఆరంభం కావడానికి పూర్వమే, అదే సూత్రాన్ని పంతులుగారు సవర పిల్లల చదువు విషయంలో ఆచరణలో పెట్టినారు. పసివాని నోట ఏ మాట ఉన్నదో, వాని మొదటి పుస్తకంలోనూ ఆ మాటే ఉండవలెననేది ఆ సూత్రం.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళానికి ఉత్తరాన, వంశధార తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపమున ఉన్న పర్వతాలపేటలో జన్మించినారు. తల్లి వెంకమ్మగారు, తండ్రి వీర్రాజుగారు. తండ్రి విజయనగర సంస్థానపు రెవిన్యూ ఉద్యోగి. 1875లో ఆయన మరణించగా, పన్నెండేండ్ల రామమూర్తి విజయనగరం చేరి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ముగించినారు. గురజాడ అప్పారావుగారితో స్నేహం అక్కడనే కుదిరినది. మరుసటి సంవత్సరమే, అనగా 1880లో, ముప్పది రూపాయల జీతంపై పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరినారు. శ్రీముఖలింగ దేవాలయపు శాసనాల లిపిని గురువు లేకుండా స్వయంకృషితో చదవడం నేర్చినారు. తెలియని అక్షరం ముందు కూర్చున్నవాని కష్టం వారు స్వయంగా ఎరిగినదే.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసించేవారు. వారి భాష తెలుగుకుగాని ఒరియాకుగాని బంధువు కాదు. ముండా కుటుంబానికి చెందినది. దానికి అప్పటికి లిపి లేదు, వాచకాలు లేవు, బడి లేదు. సవర బాలునికి చదువు కావలెనంటే తెలుగు బడికో ఒరియా బడికో పోవలెను. అక్కడ వాని నెత్తిన ఒకేసారి రెండు బరువులు పడేవి: ఎరుగని గుర్తులను గుర్తించడం ఒకటి, ఎరుగని భాషను గ్రహించడం రెండవది. తెలుగు పిల్లవాడు 'పలక' అనే మూడక్షరాలను కూడబలుక్కొని చదవగానే, చేతిలోని వస్తువు వాని మనస్సునకు తగులుతుంది. ఆ ఆనందమే వానిని తరువాతి మాటకు లాగుతుంది. సవర బాలుడు అవే అక్షరాలను ఎంత చక్కగా కూడబలికినా అతనికి మిగిలేది వట్టి ధ్వని. అర్థం దొరకని చదువు ఏ పసివానికీ రుచించదు.

ఈ చిక్కును విప్పడానికి పంతులుగారు ముందుగా తామే విద్యార్థులైనారు. తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట పెట్టుకొని భాష నేర్వనారంభించినారు. కొండలెక్కి పల్లెలు తిరిగి పలుకుబళ్లు, కథలు, పాటలు సేకరించినారు. ఆ తిరుగుళ్లలో మన్యపు చలిజ్వరం పట్టుకొన్నది. దానికి విస్తారంగా వాడిన క్వినైను మూలంగా చెవుడు సంప్రాప్తించినది. ధ్వనులను చెవితో పట్టి కాగితంపై పెట్టడమే పనిగా గలవానికి ఇంతకు మించిన నష్టం ఏముంటుంది? అయినను వారు ఆ పనిని విడిచిపెట్టలేదు.

సవర వాచకాలకు వారు తెలుగు లిపినే స్వీకరించినారు. పలికినట్లే వ్రాయడానికి ఆ లిపి చాలావరకు అనువైనది. కాని సవర భాషలో గొంతును చటుక్కున మూసి శ్వాసను నిలిపివేసే ధ్వని ఒకటి ఉన్నది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. లెక్క కూడా వేరే. వారు పన్నెండు వరకు వేర్వేరు పేర్లతో లెక్కించి, పదమూడును పన్నెండు మీద ఒకటిగా చెబుతారు. ఇరువదికి చేరగానే అది ఒక కొత్త కట్ట అవుతుంది. పదుల లెక్క తెలిసిన ఉపాధ్యాయుడు ఈ సంగతి ఎరుగకపోతే బాలుని తెలివిని తక్కువగా ఎంచుతాడు. పంతులుగారు వాచకాలతోపాటు కథలు, పాటలు సవరలోనే కూర్చినారు. సొంత సొమ్ముతో బడులు పెట్టి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించినారు. 1913లో ప్రభుత్వం వారికి రావుబహదూర్ బిరుదము నిచ్చినది.

ఈలోగా, ఉద్యోగ విరమణకు కొన్ని యేండ్లు ముందుగానే, తెలుగు బడులలోను అదే ప్రశ్న తలెత్తినది. ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్సు దొర, చిన్న తరగతులలో పుస్తకాల భాషకు, ప్రజల భాషకు ఇంత దూరం ఎందుకని విచారించినారు. విశాఖపట్నపు కళాశాల ప్రధానాధ్యాపకులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, పంతులుగారు ఆ విచారణలో కలిసినారు. ఇంట 'ఎక్కడికి వెళ్తున్నావు' అని పలికే బాలుడు బడిలో 'ఎచ్చటికి పోవుచున్నావు' అని చదవవలసి వచ్చేది. కొండ మీది సవర బాలుని కష్టమే, కొంత తగ్గిన మోతాదులో, మైదానంలోని తెలుగు బాలునికీ ఉన్నదని పంతులుగారికి స్పష్టమైనది. 1911లో ఉద్యోగం విరమించి శేషజీవితాన్ని ఆ ఉద్యమానికి ధారపోసినారు. 1919లో 'తెలుగు' పత్రికను ప్రారంభించినారు. వారు ప్రాచీన కావ్యాలకు శత్రువులు కారు. వ్యావహారిక రూపాల ప్రామాణ్యాన్ని పూర్వ గ్రంథాల ప్రయోగాలతోనే నిరూపించిన పండితులు. కావ్యం చదివే శక్తి క్రమంగా రావలెనేగాని, ఓనమాలు దిద్దే చేతిలోనే దానిని పెట్టరాదని వారి తాత్పర్యం.

వృద్ధాప్యంలోనూ సవర సేవ ఆగలేదు. సవర భాషా వివరణ గ్రంథం 1931లోను, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరగా, ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఆ ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరినారు. 1940 జనవరి 22వ తేదీన పరమపదించినారు. కుమారులు సీతాపతిగారు సవర భాషాకృషిని కొనసాగించినారు.

పంతులుగారి జన్మదినాన్ని నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఆనాడు వారి తెలుగు సేవను తలచుకోవడం ఉచితమే. సవర సేవను కూడ తలచుకోవడం న్యాయం. వారు సవర బడులు పెట్టిన సుమారు నూరేండ్లకు, 2004లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరతో సహా ఎనిమిది గిరిజన భాషలలో తొలి తరగతుల బోధనను ఆరంభించినది. పంతులుగారు ఒంటిచేత్తో ఎత్తిన బరువును ఎత్తడానికి ప్రభుత్వానికి అంత కాలం పట్టినది. మధ్యకాలంలో అర్థంకాని పుస్తకాన్ని మూసి బడి విడిచిన పసివారి సంఖ్య ఎవరూ లెక్కించలేదు. అక్షరం దిద్దించే ముందు బాలుని మాటను చెవియొగ్గి వినవలెనని, తమ వినికిడినే కోల్పోయిన ఆ ఉపాధ్యాయుని జీవితం నేర్పుతున్నది.