అమరావతి శిలలను చదివిన శివరామమూర్తి

కృష్ణాతీరమున అమరావతి మహాచైత్యమును నేడు చూడబోవువారికి అచ్చట కానవచ్చునది ఎత్తు తగ్గిన ఇటుకల దిబ్బయు, దాని చుట్టు నిలిచియున్న కొన్ని రాళ్లును మాత్రమే. ఒకనాడు ఆ చైత్యమును అలంకరించిన శిల్పములలో మేలైనవానిని పెక్కింటిని చూడవలెనన్నచో చెన్నపట్టణమునకో, లండను నగరమునకో పోవలసియున్నది. ఇల్లు విడిచిన ఆ శిలలు ఏ కథ చెప్పుచున్నవో, ఏ కాలమునాటివో, ఎవరి దానముచే వెలసినవో వరుసగా విడమరచి చెప్పిన విద్వాంసులలో కలంబూరు శివరామమూర్తి అగ్రగణ్యులు. కళాచరిత్రకారులుగను, ఢిల్లీ జాతీయ మ్యూజియము డైరెక్టరుగను ఆయన దేశమంతట పేరొందిరి. కాని ఆ కీర్తికి తొలిమెట్టు మన అమరావతి రాయియే.

ఆ శిలలు పడిన పాట్లు కొంత తెలిసినగాని ఆయన చేసిన పనివిలువ తెలియదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిని తన రాజధానిగా నిర్మించుచున్న దినములలో దిబ్బనుండి ఇటుకలు, రాళ్లు కట్టడములకు తరలినవి. 1797లో కాలిన్ మెకంజీ దానిని చూచెను. 1816లో మరల వచ్చి శిల్పములకు చిత్తరువులు వ్రాయించెను. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిలలు మద్రాసు చేరినవి. వానిలో పెక్కు 1859లో ఓడనెక్కి లండనునకు పోయినవి. తరువాత రాబర్టు స్యూయెల్, జేమ్సు బర్జెస్ త్రవ్వించినవానిలో అధికభాగము ఎగ్మూరులోని మద్రాసు మ్యూజియమునకు వచ్చినవి. ఈ నడుమ సున్నపుబట్టీల పాలైన రాళ్లకు లెక్క లేదు. మిగిలినవి కూడ ఏ కంబము ఏ దిక్కున నిలిచెనో, ఏ ఫలకము ప్రక్కన ఏది ఉండెనో తెలియని స్థితిలో గోడలవెంట నిలిచియుండెను.

శివరామమూర్తి 1909లో జన్మించిరి. వారిది సంస్కృతపాండిత్యమునకు నెలవైన కుటుంబము. మద్రాసులో సంస్కృతము ప్రధానవిషయముగా ఉన్నతవిద్య ముగించి, మద్రాసు ప్రభుత్వ మ్యూజియమున పురావస్తుశాఖకు క్యూరేటరైరి. కావ్యనాటకములు చదివిన పండితులు ఆనాడు ఎందరో కలరు. శిల్పములను కొలిచి, వర్ణించి, పట్టికలు కూర్చిన పురావస్తువేత్తలును కలరు. ఈ రెండు విద్యలును ఒకచోట చేరుట అరుదు. శివరామమూర్తికి వానితోపాటు మూడవదియు అబ్బినది. ఆయన చక్కగా బొమ్మలు గీయగలరు.

1942లో మద్రాసు మ్యూజియము ప్రచురించిన అమరావతి శిల్పముల గ్రంథమున ఈ మూడు విద్యలును కలిసినవి. అది పేరునకు పట్టిక. విప్పి చూచినచో ఆంధ్ర శాతవాహనులనాటి సంఘజీవనమునకు నిఘంటువు. తలపాగల చుట్లు, స్త్రీల కేశరచనలు, హారములు, కంకణములు, ఆసనములు, వాద్యములు, ఆయుధములు మున్నగువానిని శిలలనుండి ఏరి, ఒక్కొక్కదానికి రేఖాచిత్రము గీసి, సంస్కృత ప్రాకృత వాఙ్మయమున దానికి గల పేరు ఏదో తెలిపిరి. అరిగిన రాతిని ఛాయాచిత్రము అరిగినట్లే చూపును. చేయితిరిగిన గీత అట్లు కాదు. కంటికి లీలగా తోచు నగను, వస్త్రపు కుచ్చిళ్లను వేరుచేసి చూపగలదు. ఆయనకు చిత్రరచన అలంకారము కాదు, పరిశోధనసాధనము.

నాళాగిరి దమనమును చూపు గుండ్రని ఫలకము మద్రాసు మ్యూజియమునందే కలదు. మదించిన ఏనుగు వీథిలో జనమును చెల్లాచెదరు చేయుచున్నది. అదే ఏనుగు రెండవప్రక్క బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. మేడలపైనుండి, గవాక్షములనుండి స్త్రీలు భయముతో చూచుచున్నారు. కథ తెలియనివారికి ఇందు రెండేనుగులు కానవచ్చును. తెలిసినవారికి ఒక్క ఏనుగే, రెండు క్షణములు. గవాక్షముల కడకు పరుగిడు పురస్త్రీలు అశ్వఘోషునికిని, కాళిదాసునకును పరిచితులే. కవియు శిల్పియు ఒకే లోకమును చూచిరనియు, ఒకని రచన మరియొకనికి వ్యాఖ్యానమగుననియు శివరామమూర్తి తలంపు. 1955లో వెలువడిన సంస్కృత సాహిత్య శిల్పముల గ్రంథమున ఈ తలంపునే విస్తరించి నిరూపించిరి.

కాలనిర్ణయమున ఆయన లిపిని, శిల్పరీతిని జోడించి చూచిరి. అమరావతి శిల్పములను నాలుగు దశలుగా విభజించి, మొదటిది క్రీ.పూ. 200 నుండి 100 వరకు, రెండవది క్రీ.శ. 100 ప్రాంతము, మూడవది 150 ప్రాంతము, నాలుగవది 200 నుండి 250 వరకు అని నిర్ణయించిరి. 1954లో బ్రిటిష్ మ్యూజియమునందలి శిల్పములకు పట్టిక కూర్చిన డగ్లస్ బారెట్ ఇంత ప్రాచీనత నంగీకరింపలేదు. తరువాతి త్రవ్వకములు చైత్యము క్రీస్తునకు పూర్వమే వెలసినదని స్థిరపరచినవి. వివరములలో మార్పులు వచ్చినను, నేటికిని ఆ శిల్పములను గూర్చి వ్రాయువారు ఆ నాలుగు దశలను పేర్కొనక ముందుకు పోవుట లేదు. దానశాసనములను కూడ ఆయన విడువలేదు. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, ఒక చర్మకారుడు సయితము ఆ చైత్యమునకు శిలల నిచ్చినట్లు ఆ శాసనములవలన తెలియుచున్నది. 1952లో భారతీయ శాసనములను, దక్షిణదేశపు లిపులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము ఈ పరిశ్రమకు కొనసాగింపే.

మద్రాసునుండి కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమునకును, అటనుండి ఢిల్లీ జాతీయ మ్యూజియమునకును ఆయన ఉద్యోగము సాగినది. లండనులో 1947–48 శీతకాలమున జరిగిన భారతకళా ప్రదర్శనమునకై దేశపు నలుమూలలనుండి చేర్చిన వస్తువులు తిరిగివచ్చిన పిమ్మట, వానితో 1949 ఆగస్టు 15న జాతీయ మ్యూజియము రాష్ట్రపతిభవనమున ఆరంభమైనది. 1960 డిసెంబరులో స్వంతభవనమున ప్రవేశించినది. అప్పుడు డైరెక్టరుగా నుండిన గ్రేస్ మోర్లీ అమెరికాలో మ్యూజియములను నడపి అనుభవము గడించిన విదుషి. ఆమె తరువాత ఆ పదవి శివరామమూర్తికి లభించినది.

పరిపాలనభారము పండితుని లేఖినిని ఆపుట లోకమున తరచు జరుగును. ఇచ్చట అట్లు జరుగలేదు. దక్షిణభారత కాంస్యవిగ్రహములపై 1963లోను, నటరాజుపై 1974లోను ఆయన మహాగ్రంథములు వెలువడినవి. రెండవదానిలో నాట్యశాస్త్రమును, స్తోత్రవాఙ్మయమును, దేవాలయశిల్పమును ఒక్కత్రాట కూర్చి, శివతాండవము ఏ దేశమున ఏ రూపము ధరించినదో చూపిరి. ప్రభుత్వము 1968లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ బిరుదముల నిచ్చి గౌరవించినది. 1983లో ఆయన పరమపదించిరి.

లండనునందలి అమరావతి శిలలు ఎచ్చట ఉండవలెనను వివాదము నేటికిని తీరలేదు. అది ప్రభుత్వములు తేల్చుకొనవలసిన విషయము. కాని రాతిని తెచ్చి నిలిపినంతమాత్రమున అది మనది కాజాలదు. దానిమీది బట్ట పేరు, నగ పేరు, కథ పేరు మనము మరచినచో కృష్ణయొడ్డున నున్నను అది పరాయిదే. ఆ పేర్లను వెదకి తెచ్చి మనకప్పగించుట శివరామమూర్తి చేసిన మహోపకారము. చెన్నపట్టణము పోవు తెలుగువారు ఎగ్మూరు మ్యూజియమున ఒక పూట గడిపి, ఆ ఫలకముల యెదుట నిలిచి చూచినచో, రెండువేల యేండ్లనాటి తమ పూర్వుల ఇంటి వాకిలి కొంతసేపు తెరచుకొనును. ఆ వాకిలి గడియ తీసినవారిలో ఆయన యొకరని తెలిసికొనుట మన విధి.