విశ్వేశ్వరయ్యగారి జీవితము: విద్యయు సంపదయు

ఒక దేశము సంపన్నమగుటకు భూమి కారణమా, గనులు కారణమా, లేక ప్రజల బుద్ధి కారణమా యను ప్రశ్న పండితసభలకు మాత్రమే చెందినది కాదు. హైదరాబాదు నగరమునకు దక్షిణమున బాబా షర్ఫుద్దీన్ దర్గాను శిరమున దాల్చిన పహాడీ షరీఫ్ గుట్ట చుట్టును గల పల్లెలలో ఆ ప్రశ్న నేడు ప్రత్యక్షముగ నిలిచియున్నది. ఆ గుట్ట చెంత ఇమారత్ కంచలో 1988లో క్షిపణి విద్యకు సంబంధించిన పరిశోధనాకేంద్రము వెలసినది. నైరృతి దెసను అయిదువేల ఎకరములకు పైబడిన నేలపై 2008లో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది. ఈ రెంటికంటె మునుపే, పడమటి దెసను, హిమాయత్ సాగర్ జలాశయము ఏర్పడినది. ఈ ప్రాంతమునకు ఆధునిక విద్య తెచ్చిన మొదటి గొప్ప మార్పు ఆ జలాశయమే. దానికి బీజము వేసిన మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి చరిత్రమును ఈ ప్రశ్నను మనసున నుంచుకొని చదువుట లాభకరమని మా యభిప్రాయము.

వారి పూర్వులు మార్కాపురము ప్రాంతమందలి మోక్షగుండము నుండి మైసూరు సీమకు వలసపోయిన తెలుగువారు. విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురము దగ్గఱి ముద్దేనహళ్ళి గ్రామమున 1860వ సంవత్సరమున జన్మించిరి. 1861 అని చెప్పువారును కలరు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. ఆయన చిన్ననాడే గతించుటచే ఇంట పాండిత్యము మిగిలెనేకాని ధనము మిగులలేదు. బాలుడు బెంగుళూరు చేరి, ఇతరుల బిడ్డలకు పాఠములు చెప్పి పొట్టపోసికొనుచు, సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో పట్టభద్రుడయ్యెను. అటుపిమ్మట మైసూరు ప్రభుత్వమువారి విద్యార్థివేతనముతో పూనాకు పోయి ఇంజనీరింగు విద్య నభ్యసించి పరీక్షలో ప్రథముడుగా నిలిచెను. ప్రజాధనము నుండి ఒక పేద బాలుని చదువునకై వెచ్చించిన కొలదిపాటి మొత్తము తరువాత ఎన్ని రెట్లై తిరిగివచ్చినదో ఈ జీవితమే లెక్క చెప్పును.

1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున ప్రవేశించి, దాదాపు ఇరువదినాలుగు సంవత్సరములు కాలువలు, చెఱువులు, నగరముల నీటి సరఫరా, మురుగు పారుదల అను పనులలో గడపిరి. సింధుదేశమున సుక్కూరు పట్టణమునకు మంచినీటి నేర్పాటు చేసిరి. పూనా చెంత ఖడక్‌వాస్లా ఆనకట్టకు, వరద ఒక మట్టమునకు పెరిగినంతనే తమంతతామే తెరచుకొని, తగ్గినంతనే మూసికొను తలుపులను రూపొందించి, దానికి పేటెంటు హక్కును పొందిరి. ఆ తలుపులు 1903లో అమర్పబడినవి. కట్టను పెంపకయే అందు నిలుచు నీరు పెరిగెను. రాయియు, సున్నమును, కూలియును మునుపటివే. అదనముగ చేరినది ఆలోచన మాత్రమే. విద్య యెట్లు సంపదగా మారునో తెలియగోరువారికి ఇంతకంటె తేటయైన నిదర్శనము దొరకదు.

1898లో వారు జపాను దేశమును సందర్శించిరి. నిన్నమొన్నటి వరకు ప్రాచీన పద్ధతుల యందే యుండిన ఆ ద్వీపవాసులు ఒక్క తరములో నిర్బంధ ప్రాథమిక విద్యను, వృత్తివిద్యాలయములను, బ్యాంకులను, యంత్రశాలలను నెలకొల్పుకొని పాశ్చాత్యులతో పోటీకి నిలిచిన తీరు వారి హృదయమున గాఢముగ నాటుకొనెను. సేద్యమే ఆధారముగ నుండిన జాతి పరిశ్రమలవైపు మరలుట దైవఘటన కాదనియు, బుద్ధిపూర్వకముగ చేయదగిన పని యనియు వారు గ్రహించిరి. వారి తక్కిన జీవితమంతయు ఈ యొక్క భావమునకు వ్యాఖ్యానమువంటిది.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. సుమారు పదునైదువేల ప్రాణములు నీటగలిసెను. ఆ విపత్తుకు నివారణోపాయము చెప్పుటకై నిజాము మహబూబ్ అలీఖాను ప్రభుత్వమువారు బొంబాయి కొలువు నుండి విరమించుకొనిన విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానింపగా, వారు 1909లో వచ్చి పనికి పూనుకొనిరి. నదీతీరమున ఎత్తైన గోడలు కట్టి చేతులు దులుపుకొనుట సులభమే. వారు మాత్రము నదిని విడిచి, నదిలోనికి నీరు వచ్చు నేలనంతటిని పరిశీలించిరి. వానల లెక్కలు సేకరించిరి, వాగులను కొలిపించిరి. మూసీ పరీవాహమున 788 చెఱువులు గలవనియు, ఆ వరదలో 221 చెఱువులు తెగినవనియు తేల్చిరి. పైచెఱువు తెగి క్రిందిచెఱువును తెంపుట, ఆ రెండును గలిసి మూడవదానిపై బడుట, ఇట్లు గొలుసుకట్టుగ వచ్చిన నీరే నగరమును ముంచెనని తేటపడెను. జనులు దైవకోపమని తలచినదానికి ఆ విధముగ ఒక కారణమును, కారణమునకు తగిన చికిత్సయు దొరికినవి.

ఆ చికిత్స నగరమునకు ఎగువన మూసీపై నొకటి, ఈసీపై నొకటి జలాశయములు నిర్మించుట. వరదనాడు నీటిని పట్టి నిలుపుట, తక్కిననాడు నగరమునకు త్రాగునీ రొసగుట యను రెండు ప్రయోజనములు ఒక్క కట్టడముతో సిద్ధించునని వారు సూచించిరి. మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు వాడలను సవరించుటకు పూనుకొనెను. నాటి వరద లేకున్న నేటి నగరము లేదు. నాటి లెక్క లేకున్న వరద నుండి ఏ పాఠమును వచ్చియుండదు.

హైదరాబాదు పని ముగించి, 1909 చివర మైసూరు సంస్థానమున ముఖ్య ఇంజనీరుగ చేరి, 1912లో విశ్వేశ్వరయ్యగారు దివాను పదవి నధిష్ఠించిరి. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణము 1911లోనే మొదలయ్యెను. అయినను ఆనకట్టతో దేశము మారదని వారికి తెలియును. 1911లో ఏర్పడిన మైసూరు ఆర్థిక సమావేశము ద్వారా వ్యవసాయము, విద్య, పరిశ్రమలు అను మూడింటిని ఒక్కచోట చేర్చి, ఊరూర సమాచారము కూర్చి, చర్చ జరుపు పద్ధతి నేర్పఱచిరి. 1913లో ప్రాథమిక విద్యను నిర్బంధము చేయుటకు శాసనమును, అదే యేట మైసూరు బ్యాంకును, 1916లో మైసూరు విశ్వవిద్యాలయమును, గంధపునూనె కర్మాగారమును స్థాపింపజేసిరి. బ్యాంకు లేనిదే పరిశ్రమకు పెట్టుబడి లేదు. పాఠశాల లేనిదే కర్మాగారమునకు పనివాడు లేడు. కర్మాగారము లేనిదే చదివినవానికి గుమాస్తాగిరి తప్ప గతి లేదు. ఈ మూడును కలిసి పెరుగవలెననుట వారి రాజ్యతంత్రమునకు మూలసూత్రము.

భద్రావతి ఇనుప కర్మాగారము ఈ సూత్రమునకు కఠినపరీక్ష యయ్యెను. 1923లో పని ప్రారంభమగునప్పటికి యుద్ధానంతరము ఇనుము ధర పడిపోయి, నష్టము మీద నష్టము వచ్చెను. మూసివేయుటయే మేలని పెక్కుమంది తలచిరి. దివాను పదవిని విడిచి అయిదేండ్లైనను విశ్వేశ్వరయ్యగారు దాని నిర్వహణభారమును వహించి, 1929 వరకు అధ్యక్షులుగ నుండి, ఖర్చులు తగ్గించి, స్థానికులకు పని నేర్పి నిలబెట్టిరి. ఆ కొలువునకై తమకు రావలసిన వేతనమును వృత్తివిద్యాలయమునకు వినియోగింప గోరిరి. 1943లో బెంగుళూరున జయచామరాజేంద్ర వృత్తివిద్యాసంస్థ ఈ కోరిక ఫలితముగ వెలసినది. క్రొత్త పరిశ్రమ యొక్క తొలి సంవత్సరముల నష్టము విద్యాభ్యాసపు రుసుమువంటిదని ఈ యుదంతము తెలుపుచున్నది.

1934లో వారు భారతదేశమునకు ప్రణాళికాబద్ధమగు ఆర్థికవ్యవస్థను ప్రతిపాదించుచు ఒక గ్రంథమును ప్రకటించిరి. పదియేండ్లలో జాతీయాదాయమును రెట్టింపు చేయుట, సేద్యముపై పడిన జనభారమును తగ్గించి పరిశ్రమలకు మరలించుట అందలి ముఖ్యోద్దేశములు. 1938లో కాంగ్రెసువారు జవహర్లాలు నెహ్రూగారి అధ్యక్షతన జాతీయ ప్రణాళికాసంఘమును నియమించిరి. 1951లో స్వతంత్ర భారతము మొదటి పంచవర్ష ప్రణాళిక నారంభించెను. విశ్వేశ్వరయ్యగారు యంత్రములను మెచ్చినంతగా గ్రామపరిశ్రమలను మెచ్చలేదు. ఈ విషయమున గాంధీమహాత్మునితో వారికి భేదమున్నను, 1937లో మహాత్ముని కోరికపై ఒరిస్సా వరదలను పరిశీలింప వెళ్ళుటకు ఆ భేదము అడ్డు రాలేదు.

మహనీయుల చరిత్ర వ్రాయునప్పుడు పొగడ్త మాత్రమే వ్రాయుట పాఠకుల నవమానించుటయే. 1918లో మైసూరు మహారాజుగారు, ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములకు తగిన చోటు కల్పించు విషయమై మిల్లర్ సంఘమును నియమించిరి. యోగ్యత యొక్కటియే ప్రమాణముగ నుండవలెనను విశ్వాసముతో విశ్వేశ్వరయ్యగారు దీనికి సమ్మతింపక, ఆ యేటి చివర పదవిని త్యజించిరి. వారి నిజాయితీని శంకించువారు లేరు. కాని సంస్కృత పండితుని ఇంట బుట్టి, అక్షరమును తల్లిపాలతో గ్రోలినవానికి ఒక విద్యార్థివేతనము చాలెను. తరతరములుగ బడిగుమ్మము త్రొక్కనివానికి అంతకంటె పెద్ద చేయూత కావలెను. విద్యయే సంపదకు మూలమని నమ్మినవారు, ఆ విద్య యెవరి ఇంటికి చేరినది, ఎవరి ఇంటికి చేరలేదు అనుదానిని కూడ గణింపవలసియుండెను. లెక్కలకు ప్రాణమిచ్చిన మహాశయుని లెక్కలో ఇది యొక లోపమని చెప్పక తప్పదు.

హైదరాబాదు సంస్థానమునకు ఈ లోపము మఱియొక రూపమున సంక్రమించినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున ప్రారంభమైనది. దేశభాషలో ఉన్నతవిద్య గఱపుట గొప్ప సాహసమే. అయినను సంస్థానమున అత్యధికసంఖ్యాకులు మాటలాడు తెలుగు ఆ గుమ్మము వెలుపలనే నిలిచిపోయెను. హిమాయత్ సాగర్ నీరు నగరమునకు పాఱెను గాని, నగరమందలి విద్య చుట్టుపట్ల పల్లెలకు అంత వేగముగ పాఱలేదు.

విశ్వేశ్వరయ్యగారికి 1955లో భారతరత్న బిరుదము లభించెను. తొంబదియేండ్లు దాటిన పిదప గూడ, బీహారులో మొకామా వద్ద గంగపై వంతెన యెచట కట్టవలెనో నిర్ణయించుటకు తీరమున తిరిగి పరిశీలించిరి. 1962 ఏప్రిలులో, నూఱేండ్లు నిండిన జీవితమును చాలించిరి.

వారు పోయి ఆఱు దశాబ్దములు దాటినవి. పహాడీ షరీఫ్ చుట్టును గల నేల వారు కోరిన మార్పును కన్నులార చూచుచున్నది. రావిర్యాల దెసను హార్డ్‌వేర్ పార్కు వెలసినది. ఆదిబట్లలో 2018 నుండి యుద్ధహెలికాప్టరుల దేహభాగములు తయారగుచున్నవి. జొన్న పండిన చేలలో యంత్రాంగములు పండుచున్నవి. ఇది సంతోషింపదగిన మార్పే. కాని 2020 అక్టోబరు వానలలో శంషాబాదు చెంత గగన్‌పహాడ్ వద్ద అప్ప చెఱువు తెగి బెంగుళూరు రహదారిని కోసివైచి ప్రాణములు గొనెను. బాలాపూరు వద్ద గుఱ్ఱం చెఱువు తెగి వాడలను ముంచెను. నూట పండ్రెండేండ్ల నాడు 221 చెఱువులు చెప్పిన పాఠమునే ఇవి తిరిగి చెప్పినవి. జంట జలాశయముల పరీవాహమున 84 గ్రామములలో కట్టడములను నియంత్రించుచు 1996లో వెలువడిన 111వ ఉత్తరువు నిర్బంధములను 2022లో ప్రభుత్వము తొలగించెను. ఆ నిర్బంధములచే నష్టపడితిమను రైతుల మొఱ అసత్యము కాదు. నీటిదారిని కప్పివేసిన నగరమునకు కలుగు కీడును అసత్యము కాదు. ఈ రెండింటిని తూచుటకు కావలసినది కేకలు కాదు, విశ్వేశ్వరయ్యగారు 1909లో చేసినట్టి కొలతలు.

అంతకంటె ముఖ్యమైన కొలత మఱియొకటి కలదు. ఈ విమానాశ్రయమునకును, పార్కులకును నేలనిచ్చిన ఇండ్ల బిడ్డలు ఆ ద్వారముల వద్ద కావలి కాయుచున్నారా, లోపల యంత్రముల ముందు నిలిచియున్నారా? భూమి యొక్కమాఱు అమ్ముడుపోవును. దాని ధర ఖర్చైపోవును. విద్య యట్లుకాదు, అమ్మినకొలది పెరుగును. కావున విమానములు దిగు ప్రతి క్రోశమునకు ఒక మంచి ఉన్నత పాఠశాలయు, ఒక వృత్తివిద్యాలయమును పల్లె బిడ్డలకు అందునట్లు చేయుట ప్రభుత్వమునకు దానము కాదు, ఋణము తీర్చుట. ముద్దేనహళ్ళి బాలుని చదువునకు మైసూరు సంస్థానము పెట్టిన పెట్టుబడి హైదరాబాదును వరద నుండి కాచినది. పహాడీ షరీఫ్ గుట్ట క్రింద పలక పట్టిన పిల్లలలో రేపు ఏ నగరమును కాపాడువారు కలరో మనము ముందుగ ఎఱుగజాలము. కనుకనే అందఱికిని చదువు చెప్పవలెను.