ప్రవరుడి నుంచి ఘటోత్కచుడి దాకా

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగ్గానే నాకు ఎస్.వి.రంగారావు గుర్తుకొచ్చారు. ఇంజినీరుకి సినిమా నటుడితో పనేమిటంటారా? చివర్లో చెబుతాను.

సామర్ల వెంకట రంగారావు 1918 జులై 3న కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టారు. కాకినాడలో చదువుకునే రోజుల్లోనే యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో వేషాలు కట్టారు. బి.ఎస్సీ. తర్వాత అగ్నిమాపక శాఖలో చేరి బందరు, విజయనగరాల్లో ఉద్యోగం చేశారు. మనసు మాత్రం నటన మీదే. ఉద్యోగం వదిలి 'వరూధిని'లో ప్రవరుడిగా, అంటే కథానాయకుడిగానే, తెరకెక్కారు. సినిమా ఆడలేదు. మళ్లీ పిలిచినవారు లేరు. జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగానికి కుదురుకున్నారు.

కథ అక్కడితో ముగిసిపోవలసిందే. కానీ ఆయన మద్రాసుకు తిరిగొచ్చారు. 1950లో విజయా వారి 'షావుకారు'లో సున్నం రంగడనే రౌడీ వేషం దొరికింది. మరుసటి ఏడు కె.వి.రెడ్డి గారు 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి చేశారు. ప్రవరుడిగా నిలవని మనిషి గడ్డం పెట్టుకుని మాంత్రికుడయ్యేసరికి ఆంధ్రదేశమంతా మారుమోగింది. మనిషి అతనే, మారింది వేషం.

1957 నాటి 'మాయాబజార్' తెలుగు, తమిళ భాషల్లో తీశారు. అభిమన్యుడు తెలుగులో నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. ఘటోత్కచుడు మాత్రం రెండింటిలోనూ రంగారావే. ఆ నడక, ఆ ఠీవి ఎంత బలమైనవంటే, మాయా శశిరేఖగా సావిత్రి వాటిని తన ఒంట్లోకి తెచ్చుకోగానే లోపలున్నది ఘటోత్కచుడని పిల్లలకు కూడా తెలిసిపోయేది. 'గుండమ్మ కథ'లో తనకంటే అయిదేళ్లే చిన్నవాడైన రామారావుకు తండ్రిగా నటిస్తే ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. 'నర్తనశాల'లో కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. 'చదరంగం', 'బాంధవ్యాలు' చిత్రాలకు తానే దర్శకత్వం వహించారు. 1974 జులై 18న మద్రాసులో, 56 ఏళ్లకే కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి. మన బడి వార్షికోత్సవ నాటకంలో కృష్ణుడి వేషం కావాలని పట్టుబట్టాను. మాస్టారు నాకు వేషమే ఇవ్వలేదు, తెర వెనక లైట్లు చూసుకోమన్నారు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ వైర్లతో కుస్తీ పడుతూనే కరెంటు మీద ఇష్టం పుట్టింది, అదే నా బతుకుతెరువైంది. ఈనాడు నా కింద పనిచేసే కుర్రాడు ఎవరైనా తడబడితే, వాణ్ణి పనికిరానివాడని తేల్చేముందు మరో పని ఇచ్చి చూస్తాను. మాస్టారికి ఈ మాట ఆయన ఉండగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.