సకుర పూల ఉపాధ్యాయుడు

ఫాల్గుణ మాసమున కొండగట్టు ఆంజనేయస్వామిని దర్శింపబోవువారికి చుట్టుపట్ల అడవులలోని మోదుగులు కనులపండువు చేయును. ఒక్క ఆకైనను లేక, కొమ్మలన్నియు ఎఱ్ఱని పూలతో మండుచున్నట్లుండును. జపాను దేశమున వసంతకాలమునందు సకుర చెట్టును ఇట్లే ఆకు తొడుగకమునుపే పూచును. ఆ పూలు తెల్లనివి, లేత గులాబివన్నెవి. వానిని చూచి మురిసి, ఆ దేశమునే తన దేశముగా చేసికొన్న ఉపాధ్యాయుడు లఫ్కాడియో హెర్న్.

హెర్న్ 1850 జూన్ 27వ తేదీన, నేడు గ్రీసు దేశమునకు చెందిన లెఫ్కాడా ద్వీపమున జన్మించెను. తల్లి గ్రీకు వనిత. తండ్రి ఐర్లండువాడు, సైన్యమున వైద్యుడు. పసితనముననే తలిదండ్రులకు దూరమై, డబ్లిను నగరమున నాయనమ్మకు తోబుట్టువైన వృద్ధురాలియొద్ద పెరిగెను. పదునారవ యేట బడిలో జరిగిన ప్రమాదమున ఎడమకన్ను పోయెను. రెండవకంటి చూపును మందమే. పందొమ్మిదవ యేట అమెరికా చేరి, పేదరికముతో పోరాడి, పత్రికా రచయితగా పేరు గాంచెను.

1890 ఏప్రిల్ నెలలో ఆయన యొకొహామా రేవున దిగెను. అది సకుర పూచు కాలము. ఒక దేవాలయ ప్రాంగణమున ఆ చెట్లను చూచి నివ్వెరపోయెను. కొమ్మ కానరాదు, రెమ్మ కానరాదు. పగిలిన పత్తిచేను చెట్టెక్కినట్లుండెను. రెండు కన్నులున్నవారు చూడక దాటిపోవు పూవును ఒంటికంటివాడు నిలిచి చూచుట వింతయే కదా! దూరపు వస్తువులను చూచుటకు ఆయన చిన్న దుర్భిణి వాడెడివాడు. వ్రాయునపుడు కాగితము కంటికి తగులునంత చేరువగా నుండవలెను. అందుకై ఎత్తైన బల్ల వాడెడివాడు.

ఆ యేడు ఆగస్టులో మత్సుయే పట్టణమున ఆంగ్లోపాధ్యాయుడుగా చేరెను. సమురాయి కుటుంబమున పుట్టిన కొయిజుమి సెత్సును వివాహమాడి, తోటగల పాత యింట కాపురముండెను. ఆ తోటలోని చెట్లు, కొలను, కప్పలు సైతము ఆయన గ్రంథమున చోటు పొందినవి. అచటి చలికి తాళలేక 1891 నవంబరులో దక్షిణమున నున్న కుమమొతోకు తరలిపోయెను. భార్యాబిడ్డలకు తన ఆస్తి దక్కవలెనని 1896లో జపాను పౌరుడై, కొయిజుమి యాకుమొ అను పేరు ధరించెను. ఆ యేడే టోక్యో విశ్వవిద్యాలయమున ఆంగ్ల సాహిత్యము బోధింప నారంభించెను. 1903లో ఆ కొలువు పోయెను. ఆయన ఉండవలెనని విద్యార్థులు పట్టుబట్టినను ఫలింపలేదు.

1904లో ప్రకటించిన కథల పుస్తకమున ఒక సకుర కథ కలదు. ఒక వృద్ధ సమురాయి తాను ప్రేమించిన చెట్టు ఎండిపోగా, దానికై తన ప్రాణము ధారవోసెను. నాటినుండి అది ఏటేట మొదటి నెల పదునారవనాడు, మంచు కురియు వేళనే పూచుచుండెనట.

ఆ యేటి సెప్టెంబరులో హెర్న్ ఇంటి తోటలో సకుర అకాలమున పూచెను. ఆయన వసారాలోనికి వచ్చి చూచి సంతసించెను; వెచ్చదనమునకు మోసపోయినదని, త్వరలోనే చలికి రాలిపోవునని జాలిపడెను. 26వ తేదీ సాయంకాలము గుండెజబ్బుతో ఆయన కన్నుమూసెను. వయస్సు 54 ఏండ్లు. తన్ను ప్రేమించినవానికడ సెలవు తీసికొనుటకే ఆ చెట్టు పూచినదని సెత్సు తలంచెను.