రికిడోజాన్

రికిడోజాన్ (నవంబరు 14, 1924 - డిసెంబరు 15, 1963) జపాన్‌కు చెందిన సుప్రసిద్ధ వృత్తి మల్లయోధుడు. జపాన్‌లో వృత్తిపరమైన రెజ్లింగ్‌కు ఇతడిని పితామహుడిగా పరిగణిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఓటమి పాలై కుంగిపోయి ఉన్న జపాన్ ప్రజలకు, విదేశీ యోధులను ఓడించే వీరుడిగా ఇతడు ఆరాధ్యుడయ్యాడు. అయితే ఇతడు పుట్టుకతో కొరియా దేశస్థుడన్న సంగతి ఆనాటి అభిమానులలో చాలామందికి తెలియదు.

బాల్యము

ఇతని అసలు పేరు కిమ్ సిన్-రాక్. అప్పటికి జపాన్ పాలనలో ఉన్న కొరియాలోని దక్షిణ హామ్‌గ్యోంగ్ రాష్ట్రంలో జన్మించాడు. ఈ ప్రాంతం ప్రస్తుతం ఉత్తర కొరియాలో ఉంది. కొరియా సంప్రదాయ కుస్తీలో ఇతని ప్రతిభను గమనించినవారు జపాన్‌కు తీసుకొని వెళ్ళారు. నాగసాకి ప్రాంతానికి చెందిన మొమోతా కుటుంబం ఇతడిని దత్తత తీసుకున్నది. ఆ తరువాత మొమోతా మిత్సుహిరో అనే పేరుతో, నాగసాకి ప్రాంతంలోని ఒమురాలో పుట్టినవాడిగా ఇతడు చలామణి అయ్యాడు. కొరియన్ల పట్ల జపాన్ సమాజంలో ఉన్న వివక్షయే ఈ గోప్యతకు ముఖ్య కారణం.

సుమో జీవితము

1940లో నిషోనొసెకి శిక్షణాలయం తరఫున సుమో క్రీడలో ప్రవేశించాడు. రికిడోజాన్ అనేది అక్కడ లభించిన పేరే. 1946లో సుమోలోని అత్యున్నత శ్రేణికి చేరుకున్నాడు. 1947లో జరిగిన ఒక పోటీలో 10 కుస్తీలకు గాను 9 గెలిచాడు. 1949లో సెకివాకె అనే మూడవ అత్యున్నత హోదాను పొందాడు. ఆ సమయంలోనే ఊపిరితిత్తుల వ్యాధికి గురయ్యాడు. శిక్షణాలయ అధిపతితో విభేదాలు కూడా తలెత్తాయి. 1950లో తన సిగను తానే కోసుకొని సుమో నుండి వైదొలగాడు. కొంతకాలం ఒక నిర్మాణ సంస్థలో పనిచేశాడు.

వృత్తి రెజ్లింగ్

1951 అక్టోబరు 28న టోక్యోలో అమెరికన్ యోధుడు బాబీ బ్రన్స్‌తో తలపడి ఈ రంగంలో అడుగుపెట్టాడు. పది నిమిషాల ఆ పోటీ సమంగా ముగిసింది. 1952లో హవాయి వెళ్ళి ఓకి షికినా వద్ద శిక్షణ పొందాడు. తిరిగివచ్చి 1953లో జపాన్ ప్రో రెజ్లింగ్ అసోసియేషన్‌ను స్థాపించాడు.

1954 ఫిబ్రవరి 19న టోక్యోలో మసాహికో కిమురాతో జతగా షార్ప్ సోదరులను ఎదుర్కొన్నాడు. జపాన్‌లో టెలివిజన్ ప్రసారాలు మొదలై అప్పటికి ఏడాది మాత్రమే అయింది. టెలివిజన్ కొనే స్తోమత సామాన్యులకు ఉండేది కాదు. అందువలన వీధి కూడళ్ళలో ఏర్పాటు చేసిన టెలివిజన్ల ముందు జనం గుంపులుగా నిలబడి ఈ పోటీని చూశారు. భారీకాయులైన విదేశీయులను రికిడోజాన్ అరచేతి అంచుతో ఛాతీపై కొట్టే కరాటే దెబ్బలతో పడగొడుతుంటే ప్రేక్షకులు ఉప్పొంగిపోయారు. నిజానికి షార్ప్ సోదరులు కెనడాలో పుట్టినవారు. అయినా ప్రేక్షకులు వారిని అమెరికన్లుగానే భావించారు. ఈ తరహా రెజ్లింగ్‌లో జయాపజయాలు సాధారణంగా ముందే నిర్ణయమై ఉంటాయి.

కిమురాతో వివాదము

జూడో వీరుడైన కిమురాతో 1954 డిసెంబరు 22న జరిగిన పోటీ తీవ్ర వివాదాస్పదమైనది. రికిడోజాన్ కొట్టిన దెబ్బలకు కిమురా నేలకూలాడు. పోటీని సమంగా ముగించాలని తమ మధ్య ఒప్పందం ఉందని, రికిడోజాన్ దానిని ఉల్లంఘించాడని కిమురా తరువాత ఆరోపించాడు. కిమురాయే ముందుగా నిషిద్ధమైన చోట తన్నాడని రికిడోజాన్ పక్షం వాదించింది. ఈ విజయంతో రికిడోజాన్ జపాన్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

ఉన్నత దశ

1955లో కింగ్ కాంగ్‌ను ఓడించి ఆసియా ఛాంపియన్ అయ్యాడు. దారా సింగ్ ప్రత్యర్థిగా భారతీయులకు సుపరిచితుడైన కింగ్ కాంగ్ ఇతడే. 1957 అక్టోబరు 7న ప్రపంచ ఛాంపియన్ లూ థెజ్‌తో టోక్యోలో తలపడగా 60 నిమిషాల పోటీ సమంగా ముగిసింది. దీని ప్రసారానికి 87 శాతం వీక్షణ నమోదైంది. 1958లో లాస్ ఏంజిల్స్‌లో థెజ్‌ను ఓడించి అంతర్జాతీయ హెవీవెయిట్ టైటిల్ గెలుచుకున్నాడు. 1962లో అదే నగరంలో ఫ్రెడ్ బ్లాసీపై గెలుపొందాడు. 1963 మే 24న ముసుగు యోధుడు డిస్ట్రాయర్‌తో జరిగిన పోటీని 64 శాతం మంది వీక్షించారు.

ఇతని శిష్యులలో జెయింట్ బాబా, ఆంటోనియో ఇనోకి, కొరియాకు చెందిన కింతారో ఓకి ముఖ్యులు. బాబా, ఇనోకి ఇద్దరూ 1960 సెప్టెంబరు 30న ఒకేరోజు అరంగేట్రం చేశారు.

మరణము

1963 డిసెంబరు 8న టోక్యోలోని అకసకా ప్రాంతంలో ఒక నైట్ క్లబ్బులో జరిగిన తగాదాలో నేరముఠా సభ్యుడొకడు ఇతడిని కడుపులో కత్తితో పొడిచాడు. గాయం మొదట ప్రాణాంతకంగా కనిపించలేదు. కాని పరిస్థితి విషమించి, రెండవ శస్త్రచికిత్స అనంతరం డిసెంబరు 15న మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 39 సంవత్సరాలు. సమాధి టోక్యోలోని ఇకెగామి హోన్‌మోన్‌జీ ఆలయంలో ఉంది.

ప్రభావము

1972లో ఇనోకి న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్‌ను, బాబా ఆల్ జపాన్ ప్రో రెజ్లింగ్‌ను స్థాపించారు. మరుసటి సంవత్సరం రికిడోజాన్ స్థాపించిన సంస్థ మూతపడింది. ఇతని కొరియా మూలాలు మరణానంతరం క్రమంగా వెలుగులోకి వచ్చాయి. ఉత్తర కొరియాలో ఇతడిని జాతీయ వీరుడిగా గౌరవిస్తారు. 1995లో ఇనోకి ప్యాంగ్యాంగ్‌లో భారీ రెజ్లింగ్ ప్రదర్శన నిర్వహించినపుడు తాను రికిడోజాన్ శిష్యుడు కావడం అతనికి తోడ్పడింది. 2004లో రికిడోజాన్ జీవితం ఆధారంగా ఒక చలనచిత్రం వచ్చింది. అందులో కొరియా నటుడు సోల్ క్యుంగ్-గు ప్రధాన పాత్ర ధరించాడు. 2017లో డబ్ల్యూడబ్ల్యూఈ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం కల్పించింది.