కాటి సీనులో వినిపించే క్రైస్తవ కవి

జాషువా పద్యం లేకుంటే మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకమే లేదు

బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెల్లో జాతరకు నాటకం కట్టారంటే తెల్లవారేదాకా జనం కదలరు. అందులోనూ సత్య హరిశ్చంద్ర అయితే ఇక చెప్పే పనేలేదు. కాటి సీను వచ్చేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. చాపల మీద పడుకున్న పిల్లల్ని తట్టి లేపుతారు. భుజాన కంబళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వచ్చి హార్మోనియం పక్కన రాగం ఎత్తుకుంటాడు. ఒక్కో పద్యానికి రెండేసి సార్లు వన్స్‌మోర్. ముసలివాళ్లు కండువాతో కళ్లు తుడుచుకుంటారు.

నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. అయితే కాటి సీనులో జనం ప్రాణం పెట్టి వినే పద్యాలు కొన్ని ఆయనవి కావు. అవి గుర్రం జాషువా రాసిన శ్మశానవాటిలోవి. నటులే తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. రాజు వేషం కట్టినవాడి నోట వినిపించే ఆ మాటలు ఊరి బయట పేటలో పుట్టిన ఒక క్రైస్తవుడివని ఎంతమందికి తెలుసు?

రెండు వైపులా దెబ్బలే

జాషువా 1895 సెప్టెంబరు 28న గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవ కుటుంబం. బడిలో తోటి పిల్లలు అంటరానివాడని దూరం పెట్టేవారు. కుర్రతనంలో వినుకొండలో కొప్పరపు కవుల సభకు వెళ్లి పద్యం చదివితే, వీణ్ని లోపలికి ఎవరు రానిచ్చారని కొందరు గొడవకు దిగారు. ఆ అవమానం ఆయన చచ్చేదాకా మర్చిపోలేదు.

పోనీ సొంతవాళ్లయినా ఆదరించారా అంటే అదీ లేదు. హిందూ పురాణాల మీద పద్యాలు కట్టడమేంటని చర్చి పెద్దలు తప్పుపట్టారు. అక్కడ క్రైస్తవుడని తోశారు, ఇక్కడ క్రైస్తవుడిలా లేడని తోశారు. మధ్యలో పొట్ట గడవాలి. 1910లో మేరీతో పెళ్లయింది. మిషన్ బడిలో పంతులు ఉద్యోగం పోయాక రాజమండ్రి వెళ్లి మూకీ సినిమాలకు కథ, మాటలు చదివి వినిపించే పనిలో చేరారు. తర్వాత గుంటూరులో లూథరన్ సంఘం ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. ఇన్ని తిప్పల్లోనే 1932లో ఫిరదౌసి, 1941లో గబ్బిలం వచ్చాయి. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి అంతటి పండితుడు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు.

కాటిలో ఏం చూశారు?

శ్మశానవాటిలో జాషువా స్వర్గం గురించి చెప్పరు. మట్టి గురించి చెబుతారు. కవి, రాజు, చిత్రకారుడు, నిన్నగాక మొన్న పెళ్లయిన పిల్ల, అందరూ ఒకచోటే బూడిదవుతారు. బతికున్నప్పుడు ఒకరినొకరు ముట్టుకోనివాళ్లు అక్కడ పక్కపక్కనే పడుకుంటారు. ఊళ్లో దొరకని సమానత్వం కాటిలో దొరికింది. అంటరానితనం అనుభవించినవాడికే ఆ చూపు వస్తుంది. కైవారం తాతయ్య తత్త్వాలు పాడుకునే మన నేలకు ఈ దేహం నిలవదన్న మాట కొత్తది కాదు. కాబట్టే పద్యం సులువుగా మన పల్లెల్లో అతుక్కుపోయింది.

అయితే సమానత్వం కోసం చచ్చేదాకా ఆగాలా? అదే జాషువా బాధ. క్రైస్తవుల నమ్మకంలో చావు ఆఖరి మాట కాదు. సమాధిలో పెట్టిన క్రీస్తు మూడో రోజు లేచాడని, తమవాళ్లూ ఒకనాడు లేస్తారని వారి విశ్వాసం. సిలువ మీద చనిపోయిన ఆ క్రీస్తు కథనే జాషువా పెద్ద వయసులో క్రీస్తు చరిత్రగా తెలుగు పద్యాల్లో చెప్పారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పురాణాలు రాస్తాడని వేలెత్తి చూపినవాళ్లకు ఇంతకంటే జవాబు ఏముంటుంది? కాటి పద్యం, క్రీస్తు కావ్యం పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి అర్థమవుతుంది. బూడిదను కళ్లారా చూసినవాడు చెప్పే ఆశకు బలమెక్కువ.

అదే ఏడాది శాసనమండలికి నామినేట్ అయ్యారు. 1970లో పద్మభూషణ్ ఇచ్చారు. 1971 జులై 24న గుంటూరులో కన్నుమూశారు. ఆయన కూతురు హేమలత, నాస్తికుడు గోరా కొడుకు లవణాన్ని పెళ్లాడి, అంటరానితనం మీద, జోగిని దురాచారం మీద పోరాడారు. 2008లో ఆమె కూడా వెళ్లిపోయారు.

గోడ ఇంకా ఉంది

ఈస్టర్ నాడు చాలా ఊళ్లలో క్రైస్తవులు తెల్లవారకముందే సమాధుల తోటకు వెళ్తారు. రాళ్లు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడే పాటలు పాడి ప్రార్థన చేస్తారు. చీకట్లో మొదలైన పాట తెల్లవారేసరికి ముగుస్తుంది. పోయినవాళ్లు పోలేదన్న ధైర్యంతో ఇంటికొస్తారు.

జాషువా చూసిన కాటి సమానత్వం మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. సరిహద్దుకు ఇటూ అటూ కులానికో శ్మశానం ఉన్న పల్లెలు ఉన్నాయి. పీనుగ మోసుకెళ్లడానికి దారి లేక, పాతిపెట్టడానికి గుంట జాగా లేక దళితులు తాలూకా ఆఫీసుల చుట్టూ తిరిగే ఊళ్లూ ఉన్నాయి. క్రైస్తవుల్లోనూ కులం సమాధి దాకా వెంటరాలేదని గట్టిగా చెప్పలేం.

ఈసారి జాతరలో కాటి సీనుకు వన్స్‌మోర్ కొట్టేటప్పుడు ఆ పద్యం ఎవరిదో పక్కన కూర్చున్న పిల్లలకు ఒక్కమాట చెప్పండి. తర్వాత మన ఊరి శ్మశానానికి దారి ఎవరెవరికి ఉందో ఒకసారి చూసుకుందాం.