కపాలాలు చెప్పిన సమాధానం

తెలివితేటలు జాతిని బట్టి, కులాన్ని బట్టి హెచ్చుతగ్గులుగా ఉంటాయా? ఈ ప్రశ్నను బహిరంగంగా చర్చించరాదని కొందరు, చర్చించనివ్వడం లేదని మరికొందరు వాదిస్తుంటారు. ఆ ప్రశ్నను స్వయంగా పరీక్షకు నిలిపిన ఒక భారతీయ విదుషి జీవితాన్ని ఈ సందర్భంలో స్మరించుకోవాలి.

ఇరావతి కర్వే 1905లో బర్మాలో ఒక చిత్పావన బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. ఆ దేశపు మహానది పేరే ఆమెకు పెట్టారు. పుణెలో చదువుకున్నారు. బొంబాయి విశ్వవిద్యాలయంలో జి.ఎస్. ఘుర్యే వద్ద పరిశోధన చేశారు. స్త్రీవిద్యకు పాటుపడిన ధోండో కేశవ్ కర్వే కుమారుడు దినకర్‌ను వివాహమాడారు.

1920ల చివర ఆమె బెర్లిన్ వెళ్లి, మానవశాస్త్రానికీ సుజననశాస్త్రానికీ 1927లో నెలకొల్పిన కైజర్ విల్‌హెల్మ్ సంస్థలో చేరారు. దాని అధిపతి ఆయిగెన్ ఫిషర్. ఆఫ్రికాలోని జర్మన్ వలసలో మిశ్రమ సంతతి ప్రజల శరీరాలను కొలిచి పేరు గడించిన పండితుడాయన. శ్వేతజాతీయుల కపాలంలో కుడి ఎడమల మధ్య తేడా ఎక్కువనీ, అదే వారి హేతుబుద్ధికి మూలమనీ ఆయన ఊహ. దానిని నిరూపించే పని ఇరావతికి అప్పగించారు. ఆమె 149 కపాలాలను కొలిచారు. ఆ తేడాకూ జాతికీ సంబంధం కనిపించలేదు. గురువు ఊహకు విరుద్ధమైన ఆ ఫలితాన్నే ఆమె సిద్ధాంతగ్రంథంలో రాశారు. 1933లో నాజీలు గద్దెనెక్కిన ఏడాదే ఫిషర్ బెర్లిన్ విశ్వవిద్యాలయానికి రెక్టార్ అయ్యారు. కపాలాలు సమాధానం చెప్పాయి, వినవలసినవారు వినలేదు.

స్వదేశానికి వచ్చాక ఆమె 1939లో పుణెలోని దక్కన్ కళాశాలలో చేరి, 1970లో మరణించేదాకా పరిశోధన సాగించారు. అయితే కొలత పరికరాలను మాత్రం విడిచిపెట్టలేదు. మహారాష్ట్రలో కులాలవారీగా శరీరాలను కొలిచారు. ఈ వైరుధ్యాన్ని దాచవలసిన పనిలేదు. కానీ అక్కడా ఆమెకు దొరికినది అగ్రవర్ణ అహంకారానికి పనికొచ్చే సాక్ష్యం కాదు. బ్రాహ్మణులని ఒకే పేరుతో పిలిచే సమూహాలు సైతం ఒకే మూలం నుంచి చీలినవి కావని ఆమె నిర్ధారించారు.

ఈ జీవితం నేర్పేదేమిటి? ఆ ప్రశ్నను నిషేధించనక్కరలేదు. మన విద్యాసంస్థల్లో అది ‘ప్రతిభ’ అన్న మాట చాటున గుసగుసగా తిరుగుతూనే ఉంది. గుసగుసకు సాక్ష్యం అక్కరలేదు, జవాబుదారీతనమూ ఉండదు. బహిరంగ చర్చకు ఆ రెండూ తప్పవు. అయితే అడిగేవారు సమాధానాన్ని ముందే రాసుకుని రాకూడదు. కొలిచేవారే మాట్లాడి, కొలతకు గురయ్యేవారు మౌనంగా ఉండిపోతే అది చర్చ అనిపించుకోదు. ఆ 149 మందిని ఎవరూ అడగలేదు. ఇవాళ అడగవలసిన మనుషులు మన ఎదుటే ఉన్నారు.